జలాలుద్దీన్ సార్ అడిగిన ఒక్క మాట

నల్లగొండ కాలేజీలో మాకు జంతుశాస్త్రం బోధించిన గురువర్యులు జలాలుద్దీన్ సార్ మొన్న శుక్రవారం ఇహలోకాన్ని వీడారు. ఫోనులో ఆ వార్త విన్నాను. నమ్మలేక, మళ్ళీ ఫోన్ చేసి వాళ్ళబ్బాయినే అడిగాను. ఏ సంగతైనా రెండోసారి అడిగి రూఢి చేసుకోవడం ఆయన అంటించిన అలవాటే.

సత్యనిష్ఠ ఆయన సహజాభరణం. కట్టంగూరు నుంచి బస్సులో వచ్చి చదువుకునే రోజుల్లో, ఒకసారి ల్యాబులో కోసి పెట్టిన కప్పను చూడకుండా, దాని గుండె బొమ్మను పుస్తకంలో చూసి అచ్చుగుద్దినట్టు వేశాను. సార్ సున్నా వేశారు. "బొమ్మ మంచిగుంది బిడ్డా. గానీ నీ ముందటున్న కప్ప గిది కాదు" అన్నారు. క్లాసంతా నవ్వింది.

తరువాత హైదరాబాదులో పరిశోధనకు చేరాను. నా విషయం కణంలోని ఒక ప్రోటీను. అది ఎక్కువైతే కణాలు వేగంగా వృద్ధి చెందుతాయి, తగ్గిస్తే విభజన ఆగిపోతుందని నా ప్రతిపాదన. దాన్ని తగ్గించే మందు వేసి చూస్తే, కణాల సంఖ్య నిజంగానే పెరగలేదు. సిద్ధాంత గ్రంథం టైపయింది. సమర్పించే గడువు ఇంకా పది రోజులుందనగా, మురిపెంగా తీసుకుపోయి సార్ చేతిలో పెట్టాను.

ఆసాంతం చదివి అద్దాలు తీశారు. "పెరగలేదు, సరే. ఆగినయా, సచ్చినయా?"

"పెరగలేదంటే ఆగినట్టే గద సార్!"

"ఎట్లయితది? పుట్టినన్ని సస్తున్నా లెక్క గంతనే ఉంటది. నీ మందు విషమైందేమో. మందు తీసేసి ప్రోటీను మళ్ళ పెరగనియ్యి. కణాలు మళ్ళ రెండైతే నీ మాట నిజం."

నాకు ఒళ్ళు మండింది. చాయ్ సగంలో వదిలేసి లేచొచ్చాను. ప్రయోగం మళ్ళీ చేయాలంటే ఏడాది పడుతుందని ఇంట్లో చెప్పాను. "ఇంకో యేడాదా? ఊళ్ళె ఏం చెప్పాలె?" అని బాపు తల పట్టుకున్నాడు. ఐదేండ్ల కష్టం మట్టిపాలయిందని వెక్కివెక్కి ఏడ్చాను. అయినా ఆ ప్రశ్న నన్ను వదిలితేనా! గడువు దాటిపోనిచ్చాను.

మళ్ళీ చేసి చూస్తే, నేను వేసిన మోతాదుకు కణాలు చస్తున్నాయి! మోతాదు తగ్గించాను. ఈసారి బతికే ఉండి, విభజన మాత్రం ఆపాయి. ఇక మందు తీసేసి, ప్రోటీను తిరిగి పెరిగే రోజుకు సార్‌ను పిలిపించాను.

ఆయన సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి కదలకుండా కూర్చున్నారు. ఒక కణం గుండ్రమైంది, నడుము సన్నగిల్లింది, రెండైంది. సార్ తలెత్తితే చెంపలు తడిసి ఉన్నాయి.

"ముప్పై ఏండ్ల సంది గీ బొమ్మ బోర్డు మీద గీస్తున్న, బిడ్డా. బతికున్నది రెండైతుంటె చూసుడు గిదే మొదలు." ఆపైన చిన్నపిల్లవాడిలా, "ఇంకోటి చూడొచ్చా?" అన్నారు.

నాకు పట్టా వచ్చింది, పేరూ వచ్చింది. ఆ మహనీయునికి ఏమిచ్చి రుణం తీర్చుకోను? ఈ వారం పంపవలసిన కొత్త వ్యాసం బల్ల మీద ఉంది. చదివినవారందరూ అద్భుతమన్నారు; ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. నాకు భయంగా ఉంది, సార్.