కరెంటు పోయిన రోజుల్లో

ఆయన ఆ ఒక్క సెట్టింగ్ ఎందుకు మార్చాడు? ఇప్పటికీ జవాబు దొరకలేదు.

వంతెనల డ్రాయింగులు గీసే మనిషి. ఒంటికాయ సొంఠికొమ్ము. ఒకరికి తాను భారం కాకూడదు, ఒకరు తనకు కాకూడదు, అదీ ఆయన లెక్క. మేడమీది గదిలో మంచం, కిటికీలో ఓ మొక్క, గోడవారగా పెద్ద కంప్యూటర్. డ్రాయింగుల సాఫ్ట్‌వేర్ ఆ కంప్యూటర్‌లోనే నడుస్తుంది. ఉద్యోగమేమో ఎక్కడో నది ఒడ్డున, రేకుల షెడ్డులో. అందుకని ఒక సెలవురోజంతా కూర్చుని ఇంటి రౌటర్‌లో వీపీఎన్ పెట్టుకున్నాడు. ఇక ఎంత దూరాన ఉన్నా, ఎవరి కంటా పడని దారిలో వచ్చి, తన లాప్‌టాప్ నుంచే ఇంటి కంప్యూటర్ నడుపుకోవచ్చు. ఆ కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ మాత్రం పెట్టలేదు. ఆ గదిలోకి వచ్చేదెవరు గనక?

వెళ్తూ వెళ్తూ, ఎందుకైనా మంచిదని, కింది వాటాలో బట్టలు కుట్టే ఆమెకు గది రెండో తాళంచెవి ఇచ్చాడు. తనకన్నా పెద్దది, అక్కా అని పిలిచేవాడు. అదీ మెట్లమీద ఎదురుపడితేనే.

వారం తిరక్కుండానే కనెక్షన్ తెగింది. ఇంటి దగ్గర కరెంటు పోయి వచ్చింది. రౌటర్ తనంతట తాను లేచింది, కంప్యూటర్ లేవలేదు. అన్నీ అమర్చుకున్నాడు గానీ, బటన్ నొక్కడానికి ఒక మనిషి కావాలని తట్టలేదు. ఫోన్ చేశాడు.

"అక్కా, పైన కంప్యూటర్ ఆగిపోయింది. ముందువైపు గుండ్రటి బటన్ ఉంటుంది, ఒక్కసారి నొక్కుతావా?"

"నొక్కితే పేలదు కదా?"

"పేలదక్కా."

"పేలినా నీ గదేగా, నాకేం," అంటూ మెట్లెక్కింది.

తెర వెలిగింది. ఆయన షెడ్డులోంచి కనెక్ట్ అయ్యాడు. బాణం గుర్తు దానంతటదే కదలడం చూసి ఆమె అదిరిపడింది. "దీనికేదో దెయ్యం పట్టింది తమ్ముడూ."

"దెయ్యం కాదక్కా, నేనే."

"నీ పొయ్యి చూస్తే నువ్వూ ఆ జాతే అనిపిస్తోంది. వెలిగించి ఎన్నాళ్ళైంది?"

ఆ తర్వాత కరెంటు పోయి వచ్చినప్పుడల్లా, ఫోన్ చేయకుండానే, ఆమే వెళ్ళి నొక్కేది. తెర మీద ఖాళీ పేజీ తెరవడం ఆయన నేర్పాడు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు ఒక్కొక్కటే పొడుచుకుంటూ రాసేది. మొక్కకి నీళ్ళు పోశాను. కిటికీ తీశాను, గది ముక్కిపోతోంది. లాప్‌టాప్‌లో వంతెన స్తంభం బొమ్మ పక్కన ఆ అక్షరాలు పుట్టుకొస్తుంటే ఆయన చేతిలో టీ చల్లారిపోయేది. ఇంటి దగ్గర కరెంటు పోతే బావుణ్ణని కోరుకునే మనిషి ఆ షెడ్డులో ఆయనొక్కడే.

ఒకరోజు ఆమె రాసింది: "ఈసారి వస్తే మా ఇంట్లో తిను. ఇద్దరివీ ఒంటి బతుకులేగా, రెండు పొయ్యిలెందుకు?"

"వస్తాను" అని కొట్టాడు. చెరిపేశాడు. "చూద్దాం" అని కొట్టాడు. అదీ చెరిపేశాడు. తెర ఇద్దరికీ ఒకటేనని అప్పుడు గుర్తొచ్చింది.

"అన్నీ కనిపిస్తున్నాయి తమ్ముడూ," అని వచ్చింది. కాసేపటికి, "తొందరేం లేదులే."

ఆ తర్వాతి సెలవుకి మధ్యాహ్నం పూట వచ్చాడు. నేరుగా పైకెళ్ళి, కంప్యూటర్ ఆపి, మళ్ళీ వేసి, లోపలి సెట్టింగుల్లో ఒక వరుస మార్చాడు: కరెంటు రాగానే దానంతట అదే లేచేలా. ప్లగ్గు పీకి, మళ్ళీ పెట్టి చూశాడు. లేచింది. ఎవరూ నొక్కనక్కర్లేదు. కిటికీలో మొక్క చిగురు వేసి ఉంది. కుండీ కింద ఆయనది కాని పళ్ళెం ఒకటి.

సంచీ తగిలించుకుని దిగాడు. కింద తలుపు బార్లా తెరిచి ఉంది. ఆమె ఇటు వీపు పెట్టి కుడుతోంది; మిషన్ పక్కన మేకుకి ఆయన తాళంచెవి; లోపల స్టవ్ మీద ఏదో ఉడుకుతోంది. తాళంచెవి అడగలేదు. మిషన్ ఆగితే పిలుద్దామనుకున్నాడో ఏమో, కాసేపు నిలబడ్డాడు. గుడ్డ పొడుగ్గా ఉంది, మిషన్ ఆగలేదు.

చెప్పులు చేత్తో పట్టుకుని, గుమ్మం దాటాక తొడుక్కుని, చెప్పా పెట్టకుండా వెళ్ళిపోయాడు.