గుంట కూడా లేదన్నాను

అమెరికా వెళ్తే నేను తిరిగి రానని తేల్చి, నాకు వీసా ఇవ్వలేదు. డెబ్బై దాటినవాణ్ణి, చేవెళ్ల పక్కన మా ఆలూరు విడిచి వారం రోజులు ఉండలేనివాణ్ణి, అక్కడెక్కడో దాక్కుంటానట!

మా చెల్లెలు అక్కడ నర్సు. పోయిన ఏడాది తన రిటైర్మెంట్ సభలో పుట్టింటివాళ్లు ఒక్కరైనా ఉండాలని నన్ను రమ్మన్నది. బడికి పోకపోయినా పేపర్లు చదివి నేర్చుకున్న ఇంగ్లిష్‌తో దరఖాస్తు నేనే నింపాను.

ఇంటర్వ్యూలో కిటికీ వెనక టై కట్టుకున్న అధికారి తెలుగులోనే అడిగాడు.

"మీకు భూమి ఎంత ఉంది?"

మా దగ్గర ఈ ప్రశ్న అడిగేది ప్లాట్ల బ్రోకర్లే. ఉందన్నామా, ఇక అరుగు దిగరు. భూముల సీలింగు సర్వే నాడు మా నాయన నేర్పిన జవాబే ఇన్నేళ్లుగా అందరికీ చెబుతున్నాను. అక్కడా అదే నోట్లోంచి వచ్చేసింది.

"యాడిది సార్, గుంట గూడ లేదు."

"మరి తిరిగి ఎందుకొస్తారు?"

రోడ్డు పక్కనున్న ఆరెకరాలు కళ్ల ముందు తిరిగాయి. ఇప్పుడు ఉందంటే అబద్ధాలకోరునవుతాను. పాస్‌పోర్టు వెనక్కి వచ్చింది.

మనిషిని చూస్తే రైతని తెలియదా అని నాకు ఇప్పటికీ కోపమే. ఇంటికొచ్చి చెల్లెలికి ఫోన్ చేసి, వాళ్లను నోటికొచ్చినట్టు తిట్టాను. అంతా విని, నవ్వు ఆపుకుంటూ ఆమె అన్నది:

"ఫికర్ చెయ్యకు అన్నా, సభ అయినంక నేనే వస్త. ఆ లేని భూమిల కాసిన జామకాయలు జర నాకోసం ఉంచు."