ఇంటికో ఓటు

నా రాజకీయ జీవితం దోహాలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక విల్లా హాల్లో మొదలైందంటే మావాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనివ్వండి. నాకు మాత్రం గర్వమే.

తొంభైల్లో అక్కడ ఒక ఇంగ్లీషు పత్రికలో విదేశీ వార్తల పేజీ చూసేదాన్ని. అంతకుముందు విజయవాడలో విలేకరిని. ఒకరోజు ఎస్తోనియా నుంచి వార్త వచ్చింది: పత్రికలో పనిచేసిన మనిషి ఎన్నికల్లో నిలబడి మంత్రి అయ్యాడట. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "నువ్వూ నిలబడరాదూ! రోజూ మన సంఘాన్ని తిడుతూనే ఉంటావుగా," అన్నారు. ఆయన ఆటపట్టించడానికే అన్నారు. నేను మాత్రం ఆ మాట పట్టుకున్నాను.

తిట్టక ఏం చెయ్యను? మా తెలుగు సంఘం పండగలకి కుటుంబాలతో ఉన్నవాళ్ళకే ప్రవేశం. ఊరికి దూరంగా మెసయీద్ ఫ్యాక్టరీల క్యాంపుల్లో ఉండే మన పనివాళ్ళకి, పెళ్ళయి పిల్లలున్నా సరే, 'బ్యాచిలర్స్' అని పేరు. వాళ్ళని రానివ్వరు. ఒకసారి క్యాంపుకి వెళ్తే కరీంనగర్ వైపు వెల్డర్ ఒకతను అడిగాడు: "అక్కా, ఉగాది పచ్చడి తినక రెండేండ్లాయె. ఓ మూలకు నిలబడి తిని పోతం. రానిస్తరా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మూల నిలబడటమేమిటి, వాళ్ళేమైనా పరాయివాళ్ళా! "నేను రానిస్తాను," అని మాటిచ్చేశాను.

సంఘం అధ్యక్షుడు మా ఆయన కంపెనీలోనే మేనేజరు. "ఆడపిల్లలు తిరిగే చోట బ్యాచిలర్స్ ఏమిటమ్మా?" అనేవారు. ఆయన మీదే పోటీకి దిగాను. ఇంటికో ఓటు, అదీ చెయ్యెత్తి వెయ్యాలి. ఎప్పుడూ మగవాళ్ళే ఎత్తేవారు, వాళ్ళంతా దాదాపు ఆయన కింద పనిచేసేవాళ్ళే. పై అధికారి ఎదురుగా నాకు చెయ్యెత్తే మొనగాడెవడు? ఓడిపోతే ఆ వెల్డరుకి ఏ మొహం చూపించాలా అని గుబులుగా ఉండేది.

ఎన్నిక అక్కడి సెలవురోజని శుక్రవారం పెట్టారు. సరిగ్గా అప్పుడే మరమ్మతులకని కంపెనీ ప్లాంటు ఆపారు. మేనేజరుగారు తన ఇంజనీర్లందరికీ తనే ఆ శుక్రవారం డ్యూటీ వేసి, ఆ సంగతే మరిచిపోయి, ఇస్త్రీ చొక్కాతో హాల్లోకి వచ్చారు. చూస్తే హాలు నిండా ఆడవాళ్ళే!

"మగవాళ్ళు లేరు కదా, వాయిదా వేద్దాం," అన్నారు.

కృష్ణా జిల్లా నర్సు ఒకావిడ లేచింది. "ఇంటికో ఓటని పెట్టింది మీరే కదండీ. మరి మేం ఇంట్లోవాళ్ళం కాదా?"

ముందు ఆవిడ చెయ్యి లేచింది, తర్వాత ఒక్కొక్కరివే, గాజులు గలగలమంటూ. నేను గెలిచాను! అబ్బ, ఆ రోజు నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఉగాదికి మెసయీద్ నుంచి బస్సు నిండా జనం వచ్చారు. "ఏడ కూసోవాలె అక్కా?" అన్నాడు ఆ వెల్డరు.

"ముందు వరుసలో. యల్లా, నడు!" అన్నాను.

కాసేపటికి మేనేజరుగారి చిన్నపాప తప్పటడుగులు వేసుకుంటూ వెళ్ళి అతని ఒళ్ళోకి ఎక్కేసింది. అతను చేతులు పైకి తీసేసుకుని, బిగుసుకుపోయి, బెదురుగా చుట్టూ చూశాడు. మేనేజరుగారు గబగబా వచ్చారు.

"నీకూ పిల్లలున్నారా?" అని అడిగారాయన.

"పాప ఉంది సారూ. నేను ఈడికొచ్చినంక పుట్టింది. ఇంకా ఎత్తుకోలే."

ఆయన పాపని తీసుకోలేదు. పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఎత్తుకోవయ్యా," అన్నారు. "ఏం కాదు, ఎత్తుకో."