పిన్ని పక్కన వేసిన పీట

ఇవాళ బందరులో పాత సామాన్ల కొట్టు ముందు నల్లటి గుండ్రటి స్విచ్చు చూశాను. మన అందరి ఇళ్లలోనూ ఉండేవి, గుర్తున్నాయా?

నేను ఒకటో తరగతిలో ఉండగా, నాగాయలంకలో రొయ్యల చెరువు దగ్గర అలాంటి స్విచ్చే వేయబోయి మా బాబాయి షాక్ కొట్టి పోయాడు. ఇంటికి తీసుకొచ్చాక పిన్ని ఏడవలేదు. గోడకానుకుని కూర్చుంది, ఎవరు పిలిచినా పలకలేదు. డాక్టరుగారు చూసి, "షాక్‌లో ఉన్నారండీ" అన్నారు.

నాకు తెలిసిన షాక్ ఒక్కటే. అది కొట్టినవాళ్లని ముట్టుకోవాలంటే ఎండు చెక్క మీద నిలబడాలని బాబాయే చెప్పేవాడు. వంటింట్లోంచి పీట తెచ్చి, దానిమీద నిలబడి పిన్ని భుజం పట్టుకున్నాను.

"పీటెందుకే?" అంది మెల్లగా.

"నీక్కూడా షాక్ కొట్టిందంట కదా పిన్నీ. ఇలా పట్టుకుంటే ఏం కాదని బాబాయి చెప్పాడు."

పిన్ని నన్ను ఒళ్లోకి లాక్కుని, వీధంతా వినబడేలా ఏడ్చింది.