ఒంటరి పేర్లు

హెల్గా పెనర్ ఇరవై ఆరేళ్ళు నా పక్క బల్ల దగ్గర కూర్చుని ప్రోగ్రాములు రాసింది. కెనడాలో, మానిటోబాలోని మా చిన్న ఊరి పురపాలక కార్యాలయంలో ఆ పని తెలిసింది ఆమెకే. ఒక పని ముగిశాక చేతులు ఒడిలో పెట్టుకుని కిటికీలోంచి మైదానం వైపు చూస్తూ ఉండిపోయేది. అక్కడ చూడ్డానికేమీ ఉండదు. ఆమెకు అదే ఇష్టం.

ఆ ఏప్రిల్‌లో రెడ్ నది గట్లు దాటింది. పొలాల నిండా నీళ్ళు, నీళ్ళ నిండా ఆకాశం. మధ్యాహ్నం దక్షిణపు రోడ్డు మునిగేలోగా అందరినీ బస్సులెక్కించాలి. అందుకు పేర్లన్నీ ఒకే వరుసలో కావాలి.

కంప్యూటర్లో ఒక్కో కుటుంబం ఒక్కో సంచి. పేర్లు ఆ సంచుల్లో ఉన్నాయి. సంచులు విప్పి అన్నీ ఒకే కుప్పగా పోయమని హెల్గా మూడు పంక్తులు రాసింది. కుప్ప తయారై కాగితాల మీద అచ్చయింది.

అగ్నిమాపక దళంలో పనిచేసే డార్సీ ఆ కాగితాలతో వచ్చాడు.

“నీ మెషీన్‌కి జలుబు చేసింది హెల్గా. మధ్యమధ్య ఒట్టి అక్షరాలు చీదింది. నేనే కొట్టేశాలే.”

“ఏవీ, చూపించు.”

“చెత్త. బస్సులు కదుల్తున్నాయి, నన్నొదులు.”

ఆమె కాగితం లాక్కుంది. కొట్టివేతల కింద, పంక్తికొక అక్షరం. జె. ఎ. కె. ఓ. బి. బావిలోకి చూస్తున్నట్టు నెమ్మదిగా ఇంటిపేరు దాకా కిందికి చదివింది.

“యాకబ్ టేవ్స్. వంతెన అవతల ఒక్కడే ఉంటాడు. చెవుడు, ఫోనెత్తడు.”

ఒక్కరే ఉన్నవాళ్ళకు సంచి లేదు, ఉత్త పేరే. యంత్రం ఆ పేరునే సంచి అనుకుని అక్షరాలుగా విప్పేసింది.

“అంటే ఒంటరివాళ్ళంతా...” డార్సీ ఆగిపోయాడు.

“అంతా. నేనూ.”

“చెప్పవేం మహాతల్లీ?”

“ఇప్పుడేగా నాకు నేను కనిపించాను.”

పేరైతే విప్పవద్దని ఇంకో పంక్తి చేర్చింది. కొత్త కాగితాలు వెచ్చగా ఉండగానే డార్సీ పరిగెత్తాడు.

మేము కిటికీ దగ్గర నిలబడ్డాం. రోడ్డు కనబడడం లేదు. పసుపు బస్సు నీళ్ళ మీద, మబ్బుల మధ్య, చప్పుడు లేకుండా వెళ్ళిపోతోంది. చాలాసేపు వెళ్తూనే ఉంది.

వైర్‌లెస్ గరగరలాడింది. డార్సీ గొంతు.

“టేవ్స్ గడప దాటనంటున్నాడు. కోళ్ళని వదిలి రాడట.”

“వాటినీ ఎక్కించు.”

“మొత్తం ఏడు. వాటికీ పేర్లున్నాయట. జాబితాలో రాస్తేగానీ బస్సెక్కడట.”

హెల్గా కుర్చీలో కూర్చుని ముందుకు జరిగింది.

“చెప్పమను,” అంది.