కంప్యూటరుకు తెలియని రెండు గడియారాలు

మా అమ్మాయి ఇంజనీరింగు ప్రాజెక్టు ఈ రోజు పాసైందండోయ్! దాని చిప్పులో రెండు గడియారాలట, దేని వేగం దానిదేనట. ఒకదాని సంకేతం రెండోదానికి చేరేముందు కాస్త ఆగి కుదురుకునే ఏర్పాటు మా పిల్ల ఎప్పుడో చేసింది. అయినా ఆ చిప్పును పరీక్షించే మహా మేధావి కంప్యూటరు, రెండూ కలిసే నడుస్తాయనుకుని నెలరోజులుగా తప్పు, తప్పు అని ఎర్ర అక్షరాలు చూపించింది. అవి పోకపోతే పాస్ చేయనన్నారు వాళ్ల సారు. పొద్దున మా పిల్ల, ఆ రెండింటి వేగాలకూ సంబంధం లేదని కంప్యూటరులో ఒక్క వాక్యం రాయగానే అన్నీ మాయం!

"ఆ ముక్క ముందే సెప్పకపోయావేటే?" అన్నాను.

"అంత పెద్ద కంప్యూటరు కదా, దానికి తెలుసనుకున్నాను నాన్నా!"

మా భావనపాడు ఒడ్డున వేట పడవ వచ్చే వేళ వేరు, ఐసు బండి వచ్చే వేళ వేరు. ఆ సంగతి కాకులకు కూడా ఎవరూ చెప్పనక్కర్లేదు.

మిఠాయి పంచుతున్నాను, అందరూ రండి. కంప్యూటరుకూ ఒకటి పెట్టమంటారా?