వారానికి మూడు ఒక్కపొద్దులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ల వయసులో ఎవరికైనా ఉంటుందా అసలు? తొంభైల్లో కోఠిలో పోషకాహారం చదివి, పట్టా చేతికి రాగానే నారాయణగూడలో ఒక డాక్టరమ్మగారి దవాఖానాలో ఆహార సలహాలు చెప్పే పనిలో చేరాను. మూడు నెలలు చూసి, పనికొస్తే ఉంచుకుంటానన్నారు ఆవిడ. (అశోక్‌నగర్‌లో మా గల్లీ గల్లీ అంతా కొలువుల పరీక్షలకు కుస్తీ పడుతుంటే, నేను ఏ పరీక్షా రాయకుండానే ఉద్యోగం కొట్టానని మా అమ్మ కనబడ్డవాళ్లకల్లా చెప్పేసింది. అది కాస్తా ఊడితే మొహం ఎక్కడ పెట్టుకోను?)

నాకు అప్పగించిన మొదటి మనిషి చిక్కడపల్లి పెద్దమ్మ. మాకు చుట్టమేమీ కాదు, అందరూ అలాగే పిలిచేవారు. అరవైకి దగ్గరపడ్డ వయసు. వాకిట్లో కాలు జారి చెయ్యి ఆనిస్తే మణికట్టు పుటుక్కుమంది. ఎముకలు గుల్లబారాయి, బీపీ ఎక్కువ, షుగర్ వచ్చేందుకు సిద్ధంగా ఉంది. ఆవిడను గంటసేపు కూర్చోబెట్టి, పాలు తాగకపోతే, ఆకుకూరలు తినకపోతే, పొద్దుటి ఎండలో నడవకపోతే ముసలితనంలో ఏమేం విరుగుతాయో, ఉప్పూ నూనే తగ్గించకపోతే గుండెకేమవుతుందో పరీక్ష రాసినట్టు అప్పజెప్పాను. రాగిజావతో మొదలెట్టి రాత్రి పాలదాకా గ్రాముల్లో చార్టు రాసిచ్చాను. పెద్దమ్మ దాన్ని కళ్లకద్దుకుని తీసుకుంది.

నెల తర్వాత వచ్చి తూకమెక్కితే బరువు పెరిగింది. బీపీ కూడా పెరిగింది. డాక్టరమ్మగారు కళ్లజోడు పైనుంచి చూశారు. "నీ చార్టేనా ఇది? మూడు నెలలయ్యేసరికి గూడ గిట్లనే ఉంటే నువ్వు వేరే పని చూసుకో" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మీద కాదు, పెద్దమ్మ మీద. దొంగచాటుగా ఏదో లాగిస్తోంది, పట్టుకోవాల్సిందే! ఆ శనివారం చెప్పాపెట్టకుండా వాళ్లింటికి వెళ్లాను.

వంటింటి గోడకు దేవుళ్ల క్యాలెండర్ పక్కనే నా చార్టు వేలాడుతోంది. నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమబొట్టు. సరిగ్గా దాని కింద పీట వేసుకుని పెద్దమ్మ కూర్చుంది. పళ్లెంలో పొంగిన పూరీలు, ఆలుగడ్డ కూర, సగ్గుబియ్యం వడలు, వేయించిన చల్లమిరపకాయలు.

"ఏంది పెద్దమ్మా ఇది?" అన్నాను.

"ఇయ్యాల శనివారం గద బిడ్డా, ఒక్కపొద్దున్న. ఏం తింటలే. జర పలారం, అంతే."

"మరి సోమవారం?"

"అది శివునికి. గురువారం గూడ ఉంట. నీ చార్టు తినే దినాలకు గద, మిగిలిన నాలుగు దినాలు తప్పకుంట చేస్తున్న. కావాల్నంటే మా కోడల్ని అడుగు."

మా నాన్నమ్మా, అమ్మా ఉపవాసాలుంటే పూరీల పళ్లెం పక్కనే పెరిగినదాన్ని. అయినా అడగాలని తట్టలేదు. (పుస్తకంలో లేదు మరి!) తప్పు నాదని తెలిసేసరికి కోపం ఇంకా ఎక్కువైంది. "ఈ ఒక్కపొద్దులు బంద్ చెయ్యిండ్రి" అనేశాను.

పెద్దమ్మ చేతిలో పూరీ పళ్లెంలో పెట్టేసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "చెయ్యి ఇరిగినప్పుడు నా కోడలే నాకు జడేసింది బిడ్డా. ఆఫీసుకు లేట్ అయితున్నా ఒక్క మాట అనలే పాపం. మల్ల గట్ల ఒకరి చేతుల మీద పడొద్దనే మొక్కుకుంటున్న. ఇడిసిపెట్టుమంటవేంది?"

నాకు చాలా సిగ్గేసింది. నా చదువూ, ఆవిడ మొక్కూ కోరేది ఒక్కటే కదా! ఆవిడే ముందు తేరుకుని కళ్లు తుడుచుకుని నాకూ ఒక పళ్లెం పెట్టింది. (తిన్నాను. నాలుగు పూరీలు. సరే, ఆరు.) తింటూ మెల్లగా అడిగాను.

"ఒక్కపొద్దుల పాలు నడుస్తయా పెద్దమ్మా?"

"పాలకేంది, పెరుగు గూడ నడుస్తది."

"నువ్వులు? పండ్లు? పల్లీలు?"

"అన్ని నడుస్తయి."

"మరి పూరీలు లేకుంటే దేవుడు ఊకోడా?"

"దేవుడు ఊకుంటడు బిడ్డా. మా ఆయన ఊకోడు."

ఆయన పూరీలు ఆయనకే ఉంచేశాం. చార్టు తీసి వెనక్కి తిప్పి, ఆవిడ చెబుతుంటే నేను వారాలవారీగా మళ్లీ రాశాను. సోమవారం పాలూ పండ్లూ, గురువారం పెరుగూ గుప్పెడు పల్లీలూ, శనివారం దోరగా వేయించిన నువ్వులు. గుడికి రిక్షా ఎక్కకుండా పొద్దుటెండలో నడక. గ్రాముల ఊసే లేదు.

మూడో నెలాఖరున పెద్దమ్మ తూకమెక్కింది. బరువు తగ్గింది, బీపీ దిగింది. "ఎముకలు ఇంత జల్ది గట్టిపడవు గని, తోవ మంచిగున్నది" అన్నారు డాక్టరమ్మగారు. మెచ్చుకోలు కోసం నేను పైట సర్దుకుని నిలబడ్డాను. ఈలోపు పెద్దమ్మ బల్ల మీదికి వంగి, "ఈ పిల్లను పోనియ్యకుండ్రి డాక్టరమ్మా. శాన మంచిది. నేను చెప్పినట్టే రాస్తది" అంది.

డాక్టరమ్మగారు పగలబడి నవ్వి, ఉద్యోగం ఖాయం చేశారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. పెద్దమ్మ అన్న ఆ మాట ఇంట్లో చెప్పనేలేదు. ఇప్పుడు నాకూ పెద్దమ్మ వయసు వస్తోంది. ఇన్నేళ్లలో ఎన్ని చార్టులు రాశానో లెక్కలేదు. ఎందరో మెచ్చుకున్నారు, అవేవీ గుర్తులేవు. బల్ల పక్కన మూతి ముడుచుకుని నిలబడ్డ ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. తన జన్మకు అంతకంటే గొప్ప సర్టిఫికెట్ మళ్లీ రాదని పాపం ఆ పిచ్చిదానికి తెలియదు.